ఫోటోలో లేని ఎర్ర చీటీ

సిరవార,
కార్తీక మాసం, గురువారం ఉదయం.

చిరంజీవి వీరబాబుకి పెద్దక్క సీతారావమ్మ దీవించి రాసేది. ప్రవల్లికకి నా ఆశీస్సులు చెప్పు. ఇక్కడ నాన్న, ధర్మ, పావని వేళకి లేస్తున్నారు, వేళకి తింటున్నారు. క్షేమం అనే మాటకి అంతకుమించి అర్థం లేదనుకుంటే, అందరం క్షేమం.

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. ఫోను చెయ్యలేదని కోపం తెచ్చుకోకు. నా గొంతు వింటే నువ్వు పట్టేస్తావు. మూడు సంగతులు అడిగావు. వాటికి జవాబు రాసే ముందు నీకు ఒక పొద్దుటి సంగతి రాయాలి. ఆ రోజు ఏమీ జరగలేదు. అందుకే రాస్తున్నాను.

ఆషాఢంలో ఒక సోమవారం. ఐదింటికే స్నానం చేసి, దీపం పెట్టుకుని, రెండు క్యాన్లలో మజ్జిగ నింపాను. ఒకదాంట్లో అల్లం, కరివేపాకు. రెండోది ఉత్త ఉప్పు మజ్జిగ, సుంకప్ప మేస్త్రికి అల్లం పడదు. పావని ఇడ్లీ వడ్డిస్తూ, "వదినా, మీరూ రెండు తినండి. అక్కడికెళితే మధ్యాహ్నం దాకా మీకు మీరు గుర్తుండరు" అంది. ధర్మ బండి మీద వెనక కూర్చున్నాను, చేతికొక క్యాను. కాలవకి ఇంకా నీళ్ళు వదల్లేదు. చేలన్నీ నల్లగా నెర్రెలు విచ్చి ఉన్నాయి. దారిలో ధర్మ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. వాడు పాడగా విని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

ధర్మ కాంట్రాక్టు తీసుకుని కడుతున్న మహదేవప్ప గారి ఆడపిల్లల హాస్టలు దగ్గర, సిమెంటు పెట్టే రేకుల షెడ్డు తాళం తీసే పని నాది. లోపల ఊడ్చి, అలమరలో దేవుడి పటం ముందు వత్తి వెలిగించాను. పక్కన నువ్వు పెట్టించిన గోడ. పైన రోజులు, పక్కన చోట్లు రాసి ఉంటాయి కదా, మెట్లు, వంటగది, పై గదులు, పోర్టికో అని. చెయ్యబోయే పనికి పసుపు చీటీ. అయ్యాక ఆకుపచ్చది. ఏదైనా అడ్డం ఉంటే ఎర్రది. ఎవరి చీటీ వాళ్ళే అతికించాలి, ఎవరిది వాళ్ళే తియ్యాలి. రాయడం రానివాళ్ళకి నేను రాసిపెట్టేదాన్ని. సుంకప్ప మాత్రం రాయించుకోడు, బొమ్మ గీస్తాడు.

ఏడింటికి అందరూ గోడ ముందు నిలబడ్డారు.

"మహాంతేశ్, పై గదులకి ఇనుము ఎప్పటికి కడతావు?" అన్నాడు ధర్మ.

"బుధవారం, సార్."

"నిజంగా బుధవారమా, నన్ను సంతోషపెట్టడానికి బుధవారమా?"

"సంతోషం కావాలంటే రేపే అంటాను సార్. పని కావాలంటే బుధవారం."

అందరూ నవ్వారు. స్లాబుల కింద కర్రలు నిలబెట్టే సెంట్రింగ్ మేస్త్రి సుంకప్ప నవ్వలేదు. "వీని బుధవారంల ఏడు దినాలుంటయ్ సార్. సూసి రాసుకోండ్రి" అన్నాడు.

"మీ కర్రలు సరిగ్గా నిలబడితే గదా మేస్త్రీ, నా రాడ్డు పడుకునేది!" అన్నాడు మహాంతేశ్. తర్వాత సుంకప్ప చీటీ కేసి చూసి, "అక్కార, ఇదేం బొమ్మ? మెట్లా, మేస్త్రి పళ్ళా?" అని నన్ను అడిగాడు.

"నీ పెండ్లికి నిచ్చెన" అన్నాడు సుంకప్ప, ఈసారి తనూ నవ్వుతూ. మహాంతేశ్‌కి ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. కవితాళలో వాళ్ళిద్దరిదీ ఒకటే వీధి.

అంతే. మజ్జిగ తాగి పనుల్లోకి వెళ్ళారు. ఇటువంటి సోమవారాలు మాకు చాలా వచ్చాయి వీరబాబూ. అవి నువ్వు ఇచ్చినవి.

రెండేళ్ళ కిందట నువ్వు వచ్చినప్పుడు ధర్మ కట్టే ఇల్లు దగ్గర ఒక పూటంతా ఊరికే నిలబడ్డావు, గుర్తుందా? ఒక తాపీవాడు బకెట్టు కోసం ఎన్నిసార్లు నడిచాడో లెక్కపెట్టావు. ఇంటికొచ్చి నాన్నతో, "వీళ్ళు పని చేసేది సగం పూటే నాన్నా. మిగతా సగం వెతుకుతున్నారు, మోస్తున్నారు, ఎదురుచూస్తున్నారు, కట్టింది పడగొట్టి మళ్ళీ కడుతున్నారు" అన్నావు. నాన్నకి నచ్చలేదు. కట్టుబడి అంటే కొంత మట్టిలో కలవక తప్పదన్నాడు. మీ పూనే కంపెనీలో లీన్ పద్ధతి అంటారని, ఏది ఎప్పుడు కావాలో అప్పుడే తెచ్చుకోవాలని, చేసేవాడే మాట ఇవ్వాలని, ఇచ్చిన మాటల్లో ఎన్ని నిలిచాయో వారం వారం గోడ మీద వెయ్యాలని నువ్వు ధర్మకి నేర్పావు. వాడు నేర్చుకున్నాడు. ఈ హాస్టలుకి ఒక్క సిమెంటు బస్తా వానకి తడిసి రాయి కాలేదు. పగిలిన ఇటుక, వంగిన మేకు, కోసిన ఇనుప ముక్క అన్నీ కలిపి ఒక చిన్న గుంతలో పట్టాయి. కూలీలు ఆరింటికి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. నాన్న ఒకరోజు కర్ర పట్టుకుని వచ్చి, ఆ గుంత ముందు నిలబడి, "మిగతాదంతా ఎక్కడ పోశార్రా?" అన్నాడు. మిగతాది లేదు నాన్నా అంటే నమ్మలేదు.

ఎర్ర చీటీ గురించి నువ్వు ఫోనులో అందరికీ వినబడేలా చెప్పిన మాట కూడా నాకు గుర్తుంది. ఎర్ర చీటీ పెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు, వాడికి దండం పెట్టాలి, అది ఉన్నంతసేపు ఆ పని మొదలుపెట్టకూడదు అన్నావు. అందరం తలూపాం. నేనూ ఊపాను.

ఇక నువ్వు అడిగినవి.

నాన్న కుడికంటికి శుక్లం ముదిరింది. ఆపరేషను చలి పోయాక అన్నారు డాక్టరు. ఎడమకన్ను ఫరవాలేదు. మనిషిని గొంతుబట్టి గుర్తుపడుతున్నాడు.

ధర్మ నిద్రపోతున్నాడా అని అడిగావు. పడుకుంటున్నాడు. పని ఆగిపోయి మూడు నెలలవుతోంది. రోజూ పొద్దున్నే బండి తుడుచుకుంటాడు, ఎక్కడికీ వెళ్ళడు. పావని వాడి ముందు ఏడవదు. పెరట్లోకి వెళుతుంది. నిన్న నేను చూడకపోయినా మొన్న చూశాను.

మూడోది నీ మాటల్లోనే రాస్తాను. "అక్కా, స్లాబుకి ముందురోజు ఆ ఇంజనీరింగు పిల్లలు తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. పోర్టికో వరసలో ఎర్ర చీటీ లేదు. మరి సుంకప్ప పెట్టానని ఎందుకంటున్నాడు? పద్ధతి తప్పలేదు, మనిషే తప్పాడని నాకు నమ్మకం. నువ్వు రోజూ ఆ గోడ దగ్గరే ఉంటావు. నీకు తెలిసింది రాయి."

రాస్తున్నాను. జరిగింది నీకు ధర్మ చెప్పే ఉన్నాడు. అయినా వరసగా రాస్తే తప్ప నా చెయ్యి సాగదు.

శ్రావణంలో ఆ గురువారం పొద్దున ఏడింటికి పోర్టికో స్లాబు మొదలుపెట్టారు. కాంక్రీటు కలిపే మిల్లరు, ముప్పై మంది మనుషులు చెప్పిన నిమిషానికి వచ్చారు. ఎవరూ ఎదురుచూడలేదు. సుంకప్ప లేడు. ధర్మ గోడ చూశాడు. ఎర్ర చీటీ లేదు. "మేస్త్రి చూసే వెళ్ళాడన్నమాట" అని పొయ్యమన్నాడు. తొమ్మిదింటికి సుంకప్ప బస్సు దిగి పరుగెత్తుకొచ్చాడు. చేతులూపాడట. పైనున్నవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాడి హడావుడి అనుకున్నారు. మిల్లరు చప్పుడులో ఏమీ వినబడలేదు. కింద ఒక కర్ర మట్టిలోకి దిగిపోతుంటే చూసి అతను స్లాబు కిందికి దూరాడు. ఇంకో కర్ర భుజాన వేసుకుని మహాంతేశ్ అతని వెనకే వెళ్ళాడు. ఎవరూ వెళ్ళమనలేదు. మేస్త్రి వెళ్ళాడు కాబట్టి వెళ్ళాడు. స్లాబు ఇద్దరి మీదా కూలింది.

మహాంతేశ్‌ని బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది. ప్రాణం లేదు. సుంకప్పకి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

కేసు సుంకప్ప మీద పెట్టారు. కర్రల పూచీ మేస్త్రిది, కింద మట్టి మెత్తబడినా ఎవరికీ చెప్పలేదు, పైగా ఆలస్యంగా వచ్చాడు అని. చెప్పాను, ఎర్ర చీటీ పెట్టాను అని అతను ఆసుపత్రి మంచం మీద నుంచి ప్రమాణాలు చేశాడు. పోలీసులు ఫోటో చూపించారు. ముందురోజు సాయంత్రం, గోడ నిండా ఆకుపచ్చ. మూలన ఒక్క పసుపు, రేపటి పోర్టికో స్లాబుది. ఎరుపు ఎక్కడా లేదు.

నేను ప్రతి బుధవారం కవితాళ వెళుతున్నానని నీకు రాయలేదు. క్యారేజీ కట్టుకుని పది గంటల బస్సుకి వెళ్ళి, రెండింటి బస్సుకి తిరిగి వస్తాను. నిన్న కూడా వెళ్ళాను.

సుంకప్ప ఇంటి గుమ్మం మీద పేడ కొట్టి ఉంది. అతని భార్య హనుమవ్వ నీళ్ళు పోసి కడుగుతోంది. మూడిళ్ళ అవతల మహాంతేశ్ తల్లి అరుగు మీద కూర్చుని చూస్తోంది. రోజూ పొద్దున ఆమె వచ్చి కొట్టడం, ఈమె కడుక్కోవడం. ఇద్దరూ మాట్లాడుకోరు. హనుమవ్వకి ఆ వీధిలో ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. పనికి పిలవరు.

"ఆమెని ఏమన్నా అంటావా?" అని అడిగాను.

"ఏమంటనక్కా. కొడుకు పోయినామె. నా మొగుడే సంపిండనుకుంటుంది. పేడతోటి పోతుంది గదా" అంది.

సుంకప్ప గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి దుప్పటి లాక్కుని కాలు లేని చోటు కప్పుకున్నాడు. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు.

"మజ్జిగ తెచ్చినవా అక్కా? అల్లం లేనిది?"

తెచ్చానన్నాను. తాగాడు. చాలాసేపు గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు:

"ఒక మాటడుగుత. కోపం జెయ్యకు. నేను ఎర్ర చీటీ పెట్టిన్ననుకున్న గదా. పెట్టలేదేమో."

నేను క్యారేజీ గిన్నెలు సర్దాను.

"దినాం అదే యాది జేస్తున్న. నీ తాన చీటీ అడిగినట్ల యాదికుంది. బొమ్మ గీసినట్ల యాదికుంది. గాని ఫోటోల లేదు. ఫోటో అబద్ధమాడుతదా? చిన్నాయన సచ్చిన దుఃఖంల ఉన్న. గీసి, జేబుల పెట్టుకుని పోయిన్నేమో. గట్లయితే ఆ ముసలామె పేడ కొట్టుడు సరైందే. నా తోడు ఒచ్చినోన్ని నేనే సంపిన."

"సుంకప్పా" అన్నాను. అంతకంటే రాలేదు.

"నువ్వు దేవుని మనిషివి. నీకు యాదికి లేదని పోలీసోళ్ళకు చెప్పినవంట. నీకే యాదికి లేదంటే నేను పెట్టలేదు. ఇంగ కోర్టుల ఒప్పుకుంట. కొట్లాడితే ఏమొస్తది. ఒప్పుకుంటె గీ మనసన్న నిలుస్తది."

హనుమవ్వ తలుపు దగ్గర నిలబడి వింటోంది. రెండింటి బస్సు పోయింది, తర్వాతి దాని కోసం గంట కూర్చున్నాను. కళ్ళు మూసుకుని నామం చెప్పుకోబోయాను. రాలేదు వీరబాబూ. మూడు నెలలుగా రావడం లేదు. పెదవులు కదులుతాయి.

ఆ చీటీ తీసింది నేను.

స్లాబుకి ముందురోజు మధ్యాహ్నం మూడింటికి సుంకప్ప షెడ్డులోకి వచ్చాడు. మోకాళ్ళ దాకా నల్లమట్టి. నేనొక్కదాన్నే ఉన్నాను. ధర్మ, రాయచూరు నుంచి వచ్చే ఇంజనీరింగు పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళాడు. "అక్కా, ఎర్ర చీటీ ఒకటియ్యి" అన్నాడు సుంకప్ప. "పక్క చేన్లకు కాల్వ నీళ్ళిడిసిన్రు. పోర్టికో కింద మట్టి మెత్తగైతుంది. కర్రల కింద పెద్ద చెక్కలెయ్యాలె. నేను ఇప్పుడు యరగేర పోతున్న, మా చిన్నాయన దినాలు. పొద్దుగాల తొమ్మిదికల్లా ఒస్త. నేను సూసినంకనే స్లాబ్ ఎయ్యాలె." నిలువుగా ఒక గీత గీసి, కింద నీళ్ళ అలలు గీశాడు. చీటీ పోర్టికో వరసలో అతికించాడు.

"ధర్మకి ఫోను చేసి కూడా చెప్పు" అన్నాను.

"గోడ మీద పెట్టిన గదక్కా. గందుకే గదా గోడ" అని నవ్వుతూ వెళ్ళాడు. తొమ్మిదింటి దాకా రాకపోయినా ఫరవాలేదన్న ధైర్యం అతనికి ఆ చీటీయే ఇచ్చింది.

నాలుగింటికి వాళ్ళు వస్తున్నారు. నువ్వు పంపినవాళ్ళు. ఒక పల్లెటూరి కాంట్రాక్టరు ఈ పద్ధతి ఎలా నడిపిస్తున్నాడో చూడమని నీ పేరు మీద పంపావు. ఆ వారం బుధవారానికి ఇచ్చిన మాటలు ఇరవైరెండు, ఇరవైరెండూ నిలబెట్టుకున్నారు. మొదటిసారి. గోడంతా ఆకుపచ్చ. మధ్యలో అదొక్కటీ ఎర్రగా. వచ్చినవాళ్ళు ముందు దాన్నే చూస్తారనిపించింది. వాళ్ళు ఉండేది గంట. వెళ్ళాక మళ్ళీ పెడదామనుకున్నాను. చుట్టాలొస్తుంటే మాసిన దుప్పటి మడిచి లోపల పెడతామే, అలా తీశాను. పోకుండా నా పారాయణ పుస్తకంలో పెట్టాను.

వాళ్ళు వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. ఆ పిల్లల పంతులు నీ గురించీ ధర్మ గురించీ మాట్లాడాడు. మహదేవప్ప గారు అందరిలో నన్ను చూపించి, "ఈ అక్క లేకపోతే ఈ గోడ లేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు యాభైఆరేళ్ళు. పదిమందిలో నన్నెవరూ అలా అనలేదు. ఆ సంతోషంలో తాళం వేసుకుని, మర్నాడు స్లాబు రోజు అందరికీ పెట్టే పులిహోరకి చింతపండు ఎంత నానబెట్టాలా అని ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చాను. చీటీ గుర్తులేదు. అది నిజం. పోలీసులకి "గుర్తులేదు" అన్నది మాత్రం నిజం కాదు.

ఇంతవరకే అయితే మరుపు అనుకోవచ్చు. ఇంకొకటి ఉంది. అది నిన్న ఇంట్లో కూడా చెప్పలేకపోయాను.

స్లాబు వేసిన పొద్దున షెడ్డు తాళంచెవి ధర్మకిచ్చి పంపి, నేను వంట ముగించుకుని ఆటోలో గిన్నెలు పెట్టుకుని వచ్చేసరికి తొమ్మిదైంది. అప్పుడే సుంకప్ప షెడ్డులోంచి బయటికొస్తున్నాడు. నా ఎదురుగా నిలబడి, "అక్కా, నా ఎర్ర చీటీ ఏడ?" అన్నాడు. నాకు అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. "ఆపండి" అని ఒక్క కేక వెయ్యాలి. ధర్మ ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. నేను "చూస్తాను" అన్నాను. అతను పోర్టికో వైపు పరుగెత్తాడు. నేను షెడ్డులోకి వెళ్ళాను. పుస్తకం తెరిచాను. చీటీ తీసి దాని చోట అతికించాను. ఎవరూ చూడకముందే అది అక్కడుంటే అంతా మామూలైపోతుందనుకున్నాను. జిగురు ఆరిపోయింది, నిలవలేదు. బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. రెండోసారి నొక్కాను. అప్పుడు చప్పుడు వినబడింది.

చీటీ మళ్ళీ పుస్తకంలో పెట్టుకుని బయటికి వచ్చాను.

పద్ధతి తప్పిందా, మనిషి తప్పాడా అని కదా నువ్వు అడిగింది. నీ పద్ధతిలో తప్పు లేదు. సుంకప్ప తప్పలేదు. ధర్మ గోడని నమ్మాడు, నమ్మమని నువ్వే చెప్పావు. వృథా అంటే రాయైన సిమెంటు, వంగిన మేకు అనుకున్నాను. ఒక మనిషి చెప్పిన మాట వినేవాళ్ళకి చేరకుండా చేస్తే అదెంత వృథానో నాకు తట్టలేదు.

నిన్న సాయంత్రం దీపాలు పెట్టాక నాన్నని, ధర్మని, పావనిని కూర్చోబెట్టి చెప్పాను. చీటీ తీసింది చెప్పాను.

నాన్న మొదట అడిగింది, "ఎవరైనా చూశారా?"

"లేదు నాన్నా."

"ఆ చీటీ ఏది?"

తెచ్చి ఇచ్చాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, కనిపించలేదు. వేలితో తడిమాడు. ధర్మ లాక్కున్నట్టు తీసుకుని చూశాడు. నిలువు గీత, కింద అలలు. వాడి ముఖం నేను చూడలేకపోయాను.

"అక్కా, మూడు నెలలు. మూడు నెలలుగా నేనా సుంకప్పని తిట్టని తిట్టు లేదు. ఆసుపత్రికెళ్ళి మంచం పక్కన నిలబడి తిట్టాను. నువ్వు నా పక్కనే ఉన్నావు" అన్నాడు.

"ఉన్నాను."

"రేపు స్టేషనుకి వెళ్ళి చెప్పేస్తాను" అని లేచాడు.

"ఏమని చెబుతావురా?" అన్నాడు నాన్న. "మా అక్క తీసింది, నేను మట్టి చూసుకోకుండా స్లాబు వేయించాను అని చెబుతావా? అప్పుడు మేస్త్రి బయటికొస్తాడు, మీరిద్దరూ లోపలికెళతారు. ఈ తాలూకాలో నీ చేత పశువుల పాక కూడా కట్టించరు. చచ్చినవాడు లేచొస్తాడా? మేస్త్రికి కాలు వస్తుందా?"

"అందుకని ఆయన మీద పెడతామా నాన్నా?"

"మనం పెట్టలేదు. పడింది."

పావని నాన్న వైపు తిరిగింది. "వదిన్ని జైలుకి తీసుకెళతారా?" అని అడిగింది. ఆ అమ్మాయి లేచొచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అదే నేను ఓర్చుకోలేకపోయాను. సుంకప్ప కోర్టులో ఒప్పుకుంటానన్నాడని చెప్పాను. తనే పెట్టలేదని నమ్మేస్తున్నాడని చెప్పాను. అది విని ధర్మ ఏడుస్తాడనుకున్నాను. వాడు మెల్లగా కూర్చున్నాడు. నాన్న, "మరింకేం. అతనే ఒప్పుకుంటుంటే" అన్నాడు. ఆ మాటతో ఇల్లంతా ఊపిరి వదిలినట్టయింది. ఆ ఊపిరి నాకు వినబడింది వీరబాబూ. నాది కూడా అందులో ఉందేమోనని భయంగా ఉంది.

పావని ధర్మ చేతిలోంచి చీటీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్వు వెలిగించిన చప్పుడైంది. చిన్న కాగితం, క్షణం పట్టలేదు.

తర్వాత అనుకున్నవి రాస్తాను. సోమవారం వకీలు రాసుకొచ్చిన కాగితం మీద ధర్మ సంతకం పెట్టాలి. మేస్త్రి తనకేమీ చెప్పలేదని అందులో ఉంటుంది. ధర్మ తల ఊపలేదు, కాదనీ అనలేదు. నేను ఇక కవితాళ వెళ్ళకూడదు. జాలి ఎక్కువైతే జనానికి అనుమానం వస్తుందని నాన్న అన్నాడు, క్యారేజీ కూడా పంపొద్దన్నాడు. మహదేవప్ప గారు పని మళ్ళీ మొదలుపెట్టమంటే షెడ్డు గోడకి సున్నం కొట్టించి, మునుపటిలా ధర్మే నోటితో పని చెప్పుకోవాలి. పౌర్ణమి వెళ్ళాక నన్ను భీమవరం పిన్ని దగ్గరికి పంపుతారు. కేసు తేలేదాకా అక్కడే. నేను సరేనన్నాను. ఒకసారి కేక వెయ్యనిదాన్ని రెండోసారీ వెయ్యలేకపోయాను.

పొద్దున పాలకి వెళుతున్నానని చెప్పి పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని ఇది రాశాను. నీ మూడో ప్రశ్నకి, సుంకప్ప చీటీ పెట్టలేదనే రాయమన్నారు. ఈ సంగతి నీకు ఎప్పటికీ తెలియకూడదని కూడా నిన్న అందరం కలిసే అనుకున్నాం.

ఇట్లు,
నీ పెద్దక్క
సీతారావమ్మ